దేవద్రవ్యానుమానం నుండి సంస్కారం వరకు: తెలుగు కథోలిక సంస్కార పరిభాష – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కథోలిక శ్రీసభ బోధించే ఏడు సంస్కారాలకు తెలుగులో స్థిరపడిన పేర్లు లాటిన్ నుండి నేరుగా అనువదించినవి కావు. 16–18 శతాబ్దాల మధ్య తమిళ, తెలుగు ప్రాంతాలలో పనిచేసిన జెస్యూట్ గురువులు, వారి వెంట ఉన్న స్థానిక పండితులు, ఉపదేశులు కలిసి సంస్కృత శాస్త్ర పరిభాష నుండి, భక్తి సంప్రదాయం నుండి, ఇంటి వాడుక నుండి ఏరి కూర్చిన మాటలవి. ఈ వ్యాసం ఆ పదాల పుట్టుకనూ, అవి మోసుకొచ్చిన అర్థాలనూ, 1704 నాటి వివాదంలో బయటపడిన సామాజిక ప్రశ్ననూ పరిశీలిస్తుంది. 'దేవద్రవ్యానుమానం' అన్న పాత పేరు స్థానంలో 'సంస్కారం' అన్న పేరు రావడం వల్ల కలిగిన లాభనష్టాలను నిర్ణయించడం దీని ప్రధానోద్దేశం.

కీలకపదాలు: సంస్కారం, దేవద్రవ్యానుమానం, జ్ఞానస్నానం, సత్ప్రసాదం, పాపసంకీర్తనం, కర్ణాటక మిషన్, పరిభాష, కులం.

1. ఉపోద్ఘాతం:

వాడుక తెలుగులో 'అనుమానం' అంటే సందేహం. 'దేవద్రవ్యం' అంటే గుడి సొమ్ము. ఈ రెండూ కలిసిన 'దేవద్రవ్యానుమానం' అన్న సమాసం వినగానే, దాని నేపథ్యం తెలియని వ్యక్తికి ఏదో దేవాదాయ ఆస్తుల తగాదా స్ఫురిస్తుంది. అయితే తెలుగు కథోలికుల పాత ప్రార్థన పుస్తకాలలోనూ, జ్ఞానోపదేశ పాఠాలలోనూ ఇది అత్యంత పవిత్రమైన పారిభాషిక పదం. జ్ఞానస్నానం మొదలుకొని వివాహం వరకు ఉన్న ఏడు కర్మలకు ఇది ఉమ్మడి పేరు. ఇప్పటి రచనలలో దీని చోటును 'సంస్కారం', 'దివ్యసంస్కారం' అన్నవి చాలావరకు ఆక్రమించాయి. పెద్దతరం నోట మాత్రం పాత మాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్రపై జరిగిన పరిశీలనల్లో ఎక్కువ భాగం కావ్యాలనూ, బైబిలు అనువాదాలనూ కేంద్రంగా చేసుకున్నవి. నిత్యం లక్షలాది మంది పలికే సంస్కార పరిభాషకు ఆ స్థాయి శ్రద్ధ దక్కలేదు. అందువల్ల ఈ వ్యాసం మూడు ప్రశ్నలను ముందుంచుకుంటుంది. ఈ పదాలు ఏ దారిన తెలుగులోకి వచ్చాయి? లాటిన్ భావనను అవి ఎంతవరకు మోయగలిగాయి? వాటిని స్వీకరించిన సమాజంలో అవి ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు?

2. మూలభావన – లాటిన్ నేపథ్యం:

గ్రీకు క్రైస్తవులు తమ పవిత్ర కర్మలను 'మిస్తేరియోన్' అన్నారు. మరుగున ఉన్నది, దీక్ష పొందినవారికే తెలిసేది అని దాని అర్థం. క్రీ.శ. 3వ శతాబ్ది ఆరంభం నాటికి కార్తేజ్ నగరవాసి తెర్తూలియన్ వంటి లాటిన్ రచయితలు ఈ అర్థంలో 'సాక్రమెంతుమ్' అన్న పదాన్ని వాడారు. రోమన్ సైనికుడు కొలువులో చేరేటప్పుడు చేసే ప్రమాణానికి అది పేరు. అంటే అనువాదంలోనే భావన మారింది. గ్రీకులో రహస్యంగా ఉన్నది లాటిన్‌లో ప్రమాణమైంది. తెలుగులో జరిగిన మార్పును అర్థం చేసుకోవడానికి ఈ విషయం గుర్తుంచుకోవలసినది. సంస్కార పరిభాషకు మొదటి నుండీ ఒకే భాష, ఒకే అర్థం లేవు.

అగస్తీను (354–430) ఈ భావనను గుర్తు అన్న కోణం నుండి వివరించాడు. కంటికి కనిపించే నీరు, నూనె, రొట్టె కంటికి కనిపించని అనుగ్రహానికి గుర్తులని ఆయన బోధ. కర్మ జరిపించే గురువు యోగ్యుడా కాదా అన్నదానిపై జ్ఞానస్నానపు విలువ ఆధారపడదని దొనాతు వర్గంతో వాదించినవాడూ ఆయనే. 12వ శతాబ్దిలో పీటర్ లొంబార్డ్ సంస్కారాలు ఏడని లెక్కగట్టాడు. 1439లో ఫ్లోరెన్స్ మహాసభ ప్రతి సంస్కారానికీ మూడు అంగాలుంటాయని చెప్పింది. అవి వాడే ద్రవ్యం, పలికే వాక్యం, జరిపించే వ్యక్తి సంకల్పం. 1547 మార్చి 3న ట్రెంట్ మహాసభ ఏడవ సమావేశం ఈ బోధను ఖండితంగా స్థాపించింది. సంస్కారాలు ఏడే, అంతకు ఎక్కువా కావు, తక్కువా కావు. అవి అనుగ్రహాన్ని సూచించడమే కాక దానిని కలిగిస్తాయి. వాటిలో జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, గురుపట్టం అన్న మూడు ఆత్మపై చెరగని ముద్ర వేస్తాయి కాబట్టి వాటిని మళ్ళీ పొందకూడదు. దక్షిణ భారతానికి వచ్చిన జెస్యూట్‌లు ఈ ట్రెంట్ బోధతోనే వచ్చారు.

3. పదాలు తెలుగులోకి వచ్చిన దారి:

ఈ పరిభాషకు మూడు పొరలు ఉన్నాయి. మొదటిది కేరళ సురియాని క్రైస్తవుల ద్వారా వచ్చిన సిరియాక్ పొర. తెలుగులోని 'సిలువ', పీఠాధిపతిని సూచించే 'మేత్రాణి' ఆ వైపు నుండి తమిళం మీదుగా వచ్చిన మాటలు. రెండవది పోర్చుగీసు పొర. 'పాదిరి' దీనికి చెందినది. తమిళ ముత్యాల తీరంలో పనిచేసిన హెన్రిక్ హెన్రికెస్ 1578లో కొల్లంలో ముద్రించిన 'తంబిరాన్ వణక్కం' కాలానికి, బోధలోని కీలక పదాలు చాలావరకు పోర్చుగీసు రూపంలోనే ఉండేవి. తమిళ కథోలికులు పవిత్రాత్మను చిరకాలం 'ఇస్పిరీత్తు సాంత్తు' అనే వ్యవహరించారు.

మూడవ పొర సంస్కృతమయమైనది. దీనికి ఆద్యుడు రాబర్ట్ డి నోబిలి (1577–1656). మదురైని అప్పుడు పాలిస్తున్న నాయకులు తెలుగువారు. నోబిలికి సంస్కృతం నేర్పిన శివధర్మ తెలుగు బ్రాహ్మణుడు. నోబిలి తెలుగు కూడా నేర్చుకున్నాడు. పోర్చుగీసు మాటలు వినేవారికి అర్థం కావడం లేదనీ, పైగా అవి క్రైస్తవాన్ని పరంగుల మతంగా చూపుతున్నాయనీ ఆయన గ్రహించాడు. 'జ్ఞానస్నానం', 'వరప్రసాదం', 'పూజ' వంటి మాటలు ఆయన తరం నుండి స్థిరపడుతూ వచ్చాయి.

ఈ తమిళ–సంస్కృత పరిభాష తెలుగు నేలకు చేరింది కర్ణాటక మిషన్ ద్వారా. పుదుచ్చేరి కేంద్రంగా ఫ్రెంచి జెస్యూట్‌లు 18వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈ మిషన్‌ను పుంగనూరు మొదలైన రాయలసీమ ప్రాంతాలలోకి విస్తరించారు. వారు సన్న్యాసుల వేషంలో, శాకాహారులై జీవించారు. 1732లో వచ్చిన కూర్దూ వంటివారు తెలుగు, సంస్కృతాలలో గట్టి కృషి చేశారు. తెలుగు–సంస్కృత–ఫ్రెంచి నిఘంటు నిర్మాణంతో ఆయన పేరు ముడిపడి ఉంది. సంస్కృతానికీ, గ్రీకు లాటిన్‌లకూ ఉన్న బంధుత్వాన్ని 1767లోనే ఫ్రాన్సుకు నివేదించినవాడు కూడా ఆయనే. మంగళగిరి ఆనందకవి 'వేదాంతరసాయనం' ఈ శతాబ్దిలోనే క్రీస్తు చరిత్రను తెలుగు ప్రబంధంగా మలచింది. కొత్త మతాన్ని తెలుగు కావ్యభాషలో చెప్పడానికి తగిన వాతావరణం అప్పటికే ఏర్పడిందనడానికి ఇది సాక్ష్యం.

1773లో జెస్యూట్ సభ రద్దయింది. అయినా గురువులు లేని ఊళ్ళలో సైతం ప్రార్థనలు నిలిచాయి. రాయలసీమ నుండి తరలిన రెడ్డి, కమ్మ కథోలిక కుటుంబాలు గుంటూరు సీమలోని ఫిరంగిపురం వంటి చోట్లకు తమ మాటలను తీసుకువెళ్ళాయి. 1851లో హైదరాబాదు ప్రత్యేక మండలంగా ఏర్పడి, ఐరిష్ గురువుల తరువాత మిలాన్ నుండి వచ్చిన ఇటాలియన్ గురువుల పర్యవేక్షణలోకి వచ్చింది. 1886లో అది మేత్రాసనమైంది. 1953లో అగ్రపీఠమైంది. చేవెళ్ళ, మొయినాబాద్, హిమాయత్‌నగర్ ఊళ్ళున్న రంగారెడ్డి ప్రాంతం ఈ అగ్రపీఠం పరిధిలోనిది. పాలించిన గురువుల దేశాలు మారినా, తెలుగు కథోలికుల సంస్కార పరిభాష ఆ మూడవ పొరనే ఆధారం చేసుకుని నిలిచింది.

4. 'దేవద్రవ్యానుమానం' – సమాస విచారణ:

ఈ సమాసం తమిళ కథోలికుల పాత వాడుకలోనూ ఉంది. దీనిలోని 'అనుమానం' వాడుక తెలుగులోని సందేహం కాదు, న్యాయశాస్త్రంలోని ప్రమాణం. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం' చదివిన ప్రతి విద్యార్థికీ కొండపై పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకునే ఉదాహరణ పరిచితమే. కనిపించే లింగం నుండి కనిపించని దానిని తెలుసుకోవడమే అనుమానం. కనిపించే గుర్తు ద్వారా కనిపించని అనుగ్రహమని చెప్పిన అగస్తీను బోధకు ఇంతకంటే దగ్గరి మాట భారతీయ శాస్త్రాలలో దొరకడం కష్టం. జెస్యూట్‌లకు తర్కశాస్త్ర పరిచయం ఉందనడానికి ఆధారాలున్నాయి. జాఁ ఫ్రాన్సువా పోన్స్ 1740లో కారైకాల్ నుండి రాసిన ప్రసిద్ధ లేఖలో సంస్కృత వ్యాకరణంతో పాటు న్యాయాది దర్శనాల గురించి వివరించాడు.

'దేవద్రవ్యం' అన్న పూర్వపదాన్ని రెండు విధాలుగా అన్వయించవచ్చు. ద్రవ్యమంటే ధనమని తీసుకుంటే, 'దేవుని నిధిని తెలియజేసే గుర్తు' అవుతుంది. ఇక్కడ నిధి అంటే వరప్రసాదం. ద్రవ్యమంటే పదార్థమని తీసుకుంటే, 'దివ్యమైన ద్రవ్యాల వల్ల కలిగే అనుమానం' అవుతుంది. ఫ్లోరెన్స్ మహాసభ చెప్పిన ద్రవ్యాంగానికి ఇది సరిపోతుంది. మొదటిది సహజమైన అన్వయమనీ, రెండవది పండితులకు మాత్రమే స్ఫురించే అదనపు ధ్వని అనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అయితే ఈ పదానికి శాస్త్రీయమైన పరిమితులు రెండున్నాయి. మొదటిది: పొగ నిప్పును తెలియజేస్తుంది కాని నిప్పును పుట్టించదు. ట్రెంట్ బోధ ప్రకారం సంస్కారం అనుగ్రహాన్ని సూచించడంతో ఆగదు, కలిగిస్తుంది. కాబట్టి 'అనుమానం' సగం బోధనే చెబుతుంది. రెండవది: అనుమానానికి వ్యాప్తిజ్ఞానం కావాలి. పొగ ఉన్నచోట నిప్పును వంటింట్లో పలుమార్లు చూసినవాడే కొండపై నిప్పును ఊహించగలడు. అనుగ్రహాన్ని చూసినవాడు లేడు. నీటికీ దానికీ గల సంబంధం క్రీస్తు వాక్యం మీద నమ్మకం వల్లనే తెలియాలి. నైయాయికుడు దీనిని అనుమానం అనడు, శబ్దప్రమాణం అంటాడు. ఈ లోపాలున్నా, సంస్కారాన్ని మంత్రతంత్రంగా కాక తెలుసుకోవలసిన విషయంగా నిలబెట్టడం ఈ పదం చేసిన మేలు. ఉపదేశం లేకుండా జ్ఞానస్నానం లేదన్న నియమం, ఊరూరా ఉపదేశి అన్న వ్యవస్థ ఈ దృష్టితో పొసగుతాయి.

5. ఏడు పేర్లు – అర్థచరిత్ర:

5.1 జ్ఞానస్నానం: తెలుగు కథోలిక పరిభాషలో 'జ్ఞాన' అన్న పూర్వపదం ఒక ప్రత్యేక పని చేస్తుంది. జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి, జ్ఞానోపదేశం, జ్ఞానవివాహం అన్న మాటలలో అది లౌకికమైన దానిని ఆత్మసంబంధమైన దానిగా మారుస్తుంది. కన్నతల్లి వేరు, జ్ఞానతల్లి వేరు. స్నానం వేరు, జ్ఞానస్నానం వేరు. ప్రొటెస్టెంటులు ఇదే కర్మకు గ్రీకు మూలం నుండి వచ్చిన 'బాప్తిస్మం' అన్న మాటను ఉంచుకున్నారు. ఇక్కడ ఒక చిత్రమైన వైరుధ్యం ఉంది. మనిషిని పూర్తిగా నీటిలో ముంచే బాప్టిస్టులు పరభాషా పదాన్ని వాడుతుండగా, సాధారణంగా తలపై మాత్రమే నీరు పోసే కథోలికులు 'స్నానం' అంటున్నారు. 1878 జులై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్ ఒక్కరోజున గుండ్లకమ్మలో 2,222 మందికి ఇచ్చినది అక్షరాలా స్నానమే, కాని పేరు బాప్తిస్మం. పదం కర్మ ఆకారాన్ని కాక, పదాన్ని ఎంచుకున్న వర్గపు దృష్టిని చెబుతుందనడానికి ఇది మంచి నిదర్శనం. ఒక వర్గం గ్రంథంలోని మాటను కాపాడుకుంది. ఇంకొక వర్గం వినేవారికి తెలిసిన మాటను వెతికింది.

5.2 భద్రమైన అభ్యంగనం: లాటిన్‌లో ఈ సంస్కారానికి స్థిరపరచడం అని అర్థం. సంస్కృతంలో 'భద్ర' శబ్దానికి శుభం అన్న అర్థమే ప్రధానం. తెలుగులో 'భద్రం', 'భద్రపరచు' అన్నప్పుడు పదిలం, గట్టితనం అన్న అర్థాలు ముందుకు వస్తాయి. ఇక్కడి విశేషణం సంస్కృతార్థంలో కాక తెలుగు అర్థంలో వాడినది. తమిళ కథోలికులు ఇదే కర్మను గట్టిగా పూయడమని తమ దేశ్యపదంతో చెప్పుకోవడం దీనిని బలపరుస్తుంది.

5.3 దివ్యసత్ప్రసాదం: గుడిలో దేవుడికి నివేదించి తిరిగి పంచేది ప్రసాదం. సంస్కృతంలో దాని మూలార్థం ప్రసన్నత, అనుగ్రహం. తెలుగు కథోలికులు అనుగ్రహాన్ని 'వరప్రసాదం' అన్నారు, బలిపూజలో స్వీకరించే అప్పాన్ని 'సత్ప్రసాదం' అన్నారు. రెండింటికీ ఒకే శబ్దం మూలం కావడం గమనించదగినది. గ్రీకులో అనుగ్రహానికి 'ఖరిస్' అనీ, ఈ సంస్కారానికి 'యూఖరిస్తియా' అనీ పేర్లు. అక్కడా ఒకే ధాతువు. లాటిన్‌లో మరుగుపడిన ఈ సంబంధం తెలుగులో, తెలిసి చేసినా తెలియక చేసినా, మళ్ళీ ప్రాణం పోసుకుంది. అయితే గుడి ప్రసాదం చేయి చాచిన వారికల్లా అందుతుంది. సత్ప్రసాదానికి జ్ఞానస్నానం, ఉపదేశం, పాపసంకీర్తనం అన్న మెట్లు ఉన్నాయి. పదం విశాలంగా పిలుస్తుంది, నియమం వడగడుతుంది.

5.4 పాపసంకీర్తనం: తాళ్ళపాక అన్నమయ్య పుట్టిన సీమలో 'సంకీర్తన' అనగానే హరినామం గుర్తుకు వస్తుంది. అలాంటి మాటను పాపం పక్కన ఉంచడం సాహసమే. ధాత్వర్థం 'చక్కగా పేర్కొనడం' కాబట్టి వ్యాకరణం ఒప్పుకుంటుంది. లాటిన్‌లో 'కొన్ఫెస్సియో' అన్న మాటకు కూడా దేవుని స్తుతించడం, పాపాన్ని ఒప్పుకోవడం అన్న రెండర్థాలున్నాయి. అగస్తీను తన ఆత్మకథకు ఆ పేరు పెట్టింది ఈ రెండింటినీ దృష్టిలో ఉంచుకునే. తెలుగు పదం కూడా ఆ ద్వంద్వాన్ని నిలుపుకుంది. కాని సంకీర్తన పదిమందిలో గొంతెత్తి చేసేది. పాపసంకీర్తనం గురువు చెవిలో, బయటికి పొక్కకూడదన్న కఠిన నియమంతో జరిగేది.

ఈ సంస్కారంలో గురువు విధించేది 'ప్రాయశ్చిత్తం'. ధర్మశాస్త్రంలో ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అన్నవి మూడు ప్రధాన భాగాలు. 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయం' ఆ విభాగంతోనే వాటిని తెలుగులోకి తెచ్చింది. ధర్మశాస్త్రాలలో ప్రాయశ్చిత్తం చేసినవాడి వర్ణాన్ని బట్టి మారుతుంది. కథోలిక బోధలో పాపపు తీవ్రతనూ, పశ్చాత్తాపాన్నీ బట్టి నిర్ణయం అవుతుంది. పదం అదే, కొలబద్ద వేరు.

5.5 అవస్థాభ్యంగనం: తమిళ కథోలిక వాడుకలో 'అవస్థ' అంటే మరణావస్థ. తెలుగు ఆ అర్థాన్నే తీసుకుంది. 'అభ్యంగనం' మాత్రం తెలుగింటి పండుగ మాట. సంక్రాంతికీ, దీపావళికీ తలంటుకునే నూనెస్నానం అది. శుభదినపు మాటను మరణశయ్య దగ్గరకు తేవడంలో ఓదార్పు ఉంది. కాని 'అవస్థ' అన్న ముందుమాట వల్ల ఈ సంస్కారమంటే జనంలో భయం పాతుకుపోయింది. గురువును పిలిస్తే ఇక ఆశ లేదని అర్థం చేసుకోవడం, అందుచేత పిలవడాన్ని ఆలస్యం చేయడం ఆ భయానికి రూపాలు. రెండవ వాటికన్ మహాసభ 1963లో దీనిని రోగుల అభ్యంగనంగా పిలవడమే తగినదని చెప్పింది. కొత్త కర్మవిధి 1972లో వెలువడింది. తెలుగులోనూ 'వ్యాధిగ్రస్తుల అభ్యంగనం' వాడుకలోకి వచ్చింది. పేరు మార్చడం ద్వారా ఆచరణను మార్చే ప్రయత్నానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

5.6 గురుపట్టం, జ్ఞానవివాహం: 'పట్టం' రాజ్యాభిషేకపు మాట. 'గురువు' విద్యాసంప్రదాయపు మాట. గురుపట్టాభిషేకంలో రెండు గౌరవాలూ ఒకచోట చేరాయి. సేవకుడన్న క్రైస్తవ భావన ఈ మాటలో వినిపించదు. వివాహం విషయంలో పదం కంటే వస్తువు పెద్ద చర్చకు దారితీసింది. తాళి ఉండవచ్చునా, ఉంటే దానిపై ఏ గుర్తు ఉండాలి అన్నది తరువాతి భాగంలో చూడబోయే వివాదంలో ఒక అంశం. తెలుగు కథోలిక వివాహాలలో మంగళసూత్రం సిలువ గుర్తుతో నేటికీ కొనసాగుతోంది.

6. 1704 ఉత్తరువు – ద్రవ్యం, దేహం, కులం:

పోపు ప్రతినిధిగా వచ్చిన తూర్నోన్ 1703 నవంబరులో పుదుచ్చేరికి చేరి, 1704 జూన్ 23న మదురై, మైసూరు, కర్ణాటక మిషన్‌లకు వర్తించే 16 అంశాల ఉత్తరువుపై సంతకం చేశాడు. తెలుగు నేలపై మిషన్ మొదలైన కొద్ది సంవత్సరాలకే ఇది వచ్చింది. మలబారు ఆచారాల వివాదంగా ప్రసిద్ధమైన ఈ ఘట్టాన్ని సాధారణంగా రోము, జెస్యూట్‌ల అధికార పోరుగా చదువుతారు. సంస్కార చరిత్రగా చదివితే వేరే విషయాలు కనిపిస్తాయి.

రోమన్ విధి ప్రకారం జ్ఞానస్నానంలో గురువు ఉప్పు, ఉమ్మి వాడాలి, ఊపిరి ఊదాలి. శుద్ధాశుద్ధాలు పట్టించుకునే సమాజంలో ఉమ్మి అసహ్యకరం కాబట్టి జెస్యూట్‌లు వాటిని వదిలివేశారు. వదలరాదని ఉత్తరువు చెప్పింది. నెలసరిలో ఉన్న స్త్రీలను పాపసంకీర్తనానికీ, సత్ప్రసాదానికీ దూరంగా ఉంచరాదని చెప్పింది. విగ్రహపు గుర్తున్న తాళిని కూడదంది. అన్నిటికంటే కీలకమైనది, పరయలని పిలిచే అంటరానివారి గురించిన అంశం. వారు జబ్బుపడినప్పుడు గురువు వారి ఇళ్ళకు వెళ్ళేవాడు కాదు. ప్రాణాపాయంలో ఉన్న రోగినే గుడికో మరొక చోటికో మోసుకురావలసి వచ్చేది. ఇకపై గురువులే ఆ ఇళ్ళకు వెళ్ళి సంస్కారాలు ఇవ్వాలని ఉత్తరువు ఆదేశించింది.

ఇక్కడ సిద్ధాంతానికీ ఆచరణకూ మధ్య ఉన్న అగాధం బయటపడుతుంది. సంస్కార ఫలం కర్మ బలంతోనే కలుగుతుందనీ, ఇచ్చేవాడి యోగ్యతపై ఆధారపడదనీ ట్రెంట్ బోధించింది. ఆ లెక్కన పుచ్చుకునేవాడి కులం గురించిన ప్రశ్నే ఉండకూడదు. కాని నోబిలి అనుసరించిన సన్న్యాస పద్ధతిలో గురువు మాలమాదిగల గడప తొక్కితే అగ్రకులాలవారు దూరమవుతారన్న భయం ఉండేది. అందుకే మదురై మిషన్‌లో 1640 నుండి కింది కులాల కోసం 'పండారస్వాములు' అన్న వేరొక గురువుల తరగతి ఏర్పడింది. జెస్యూట్‌ల వాదనను పూర్తిగా కొట్టివేయడం న్యాయం కాదు. ప్రజల శుద్ధిభావనను గౌరవించిన ఆ పద్ధతే మనకు 'జ్ఞానస్నానం', 'సత్ప్రసాదం' వంటి మాటలనిచ్చింది. ఉత్తరువును పూర్తిగా సమర్థించడమూ సాధ్యం కాదు. స్థానిక ఆచారాలపై దానికి పెద్దగా అవగాహన లేదు. కాని మాటలను అందరికీ అర్థమయ్యేలా చేసినవారే సంస్కారాన్ని అందరి గడపకూ చేర్చలేకపోయారు. సంస్కృతం తెలియని రోము ప్రతినిధి ఆ ఒక్క అంశంలో వారికంటే సూటిగా చూడగలిగాడు.

1744 సెప్టెంబరు 12న పోపు పదునాలుగవ బెనెడిక్ట్ ఈ వివాదాన్ని ముగించాడు. అంటరానివారికి ప్రత్యేక గురువులను నియమించేందుకు జెస్యూట్‌లు చేసిన ప్రతిపాదనను ఆమోదించాడు. ఇళ్ళకు వెళ్ళాలన్న ఆదేశం, వేరు గురువులు వెళ్ళే ఏర్పాటుగా మారింది. ఆచారాలకు సంబంధించిన ప్రమాణాన్ని గురువులపై నుండి తొలగించడానికి 1940 వరకు పట్టింది.

7. 'సంస్కారం' అన్న ఎంపిక:

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధనపై వెలువరించిన పత్రంతో దేశభాషల వాడుకకు దారి తెరుచుకుంది. పూజ లాటిన్ నుండి తెలుగుకు మారింది. గురువు నోటి మాట జనానికి నేరుగా వినపడే కాలంలో, 'గుడి సొమ్ముపై సందేహం'లా ధ్వనించే పాత సమాసం ఇబ్బందికరం కావడం సహజం. 'సంస్కారం' నిలదొక్కుకోవడానికి ఇది ఒక కారణమని ఊహించవచ్చు.

ఈ కొత్త పదం తెచ్చిన లాభాలు మూడు. మొదటిది: వాడుకలో అపార్థం తొలగింది. రెండవది: న్యాయ–వైశేషికాలలో 'సంస్కారం' ఆత్మలో నిలిచే ముద్రకు, వాసనకు పేరు. మూడు సంస్కారాలు చెరగని ముద్ర వేస్తాయన్న ట్రెంట్ బోధకు ఈ అర్థం చక్కగా అమరుతుంది. 'అనుమానం' అన్న పాత మాటలో లేని ఫలజనకత్వం ఇందులో ఉంది. సంస్కారం దేనినో తెలియజేసేది కాదు, మార్చేది. మూడవది: పుట్టుక నుండి మరణం దాకా జీవితదశలకు తోడుండే కర్మలన్న భావన, షోడశ సంస్కారాల పరిచయం వల్ల తెలుగువారికి వెంటనే అందుతుంది.

నష్టాలు కూడా ఉన్నాయి. గుర్తు అన్న భావన పూర్తిగా మరుగుపడింది. సంస్కారం అంటే కుటుంబం జరిపించే తంతు అన్న అభిప్రాయానికి చోటు దొరికింది. అంత్యక్రియలను 'అంత్యసంస్కారం' అనడం మనకు అలవాటు కాబట్టి, సంస్కారం కాని భూస్థాపనను కూడా ఏడింటిలో ఒకటిగా పొరబడే వీలుంది.

అన్నిటికంటే లోతైన విషయం ఈ పదపు సామాజిక చరిత్ర. గౌతమ ధర్మసూత్రం సంస్కారాలను 40గా లెక్కిస్తుంది. వాటిలో ఉపనయనం వంటివి ద్విజులకు పరిమితం. శూద్రుడికి సమంత్రక సంస్కారాలు లేవు, పంచముడి ఊసే లేదు. 'సంస్కారం లేనివాడు' అన్న తిట్టులో ఆ చరిత్ర ఇంకా బతికే ఉంది. ఎవరికి ఏ సంస్కారమూ లేదని శాస్త్రం చెప్పిందో, ఆ కులాల నుండి వచ్చినవారు నేటి తెలుగు కథోలికులలో పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ మాటను వారు తమ ఏడు హక్కులకు పేరుగా పెట్టుకోవడం అర్థవిపరిణామాలలో అరుదైన ఘట్టం. దానిని ప్రణాళిక ప్రకారం జరిగిన విప్లవం అనలేము. ఫలితం మాత్రం చిన్నది కాదు.

ఈ మార్పు గురుపట్టం విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1704లో అంటరానివారు గురువు తమ ఇంటికి రావడం కోసం ఎదురుచూశారు. 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులైన పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. ఆ పదవిని అందుకున్న తొలి తెలుగువారు, తొలి దళితులు ఆయనే. అయితే ఒక నియామకంతో మూడు శతాబ్దాల ప్రశ్న తీరిపోయిందనుకోవడం చరిత్ర విద్యార్థికి తగదు. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల సాధికారతపై విధానపత్రం వెలువరిస్తూ, సభలో వివక్ష ఇంకా ఉందని అంగీకరించింది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

– తెలుగు కథోలిక సంస్కార పరిభాషలో సిరియాక్, పోర్చుగీసు, సంస్కృత పొరలు మూడున్నాయి. ఏడు సంస్కారాల పేర్లు మూడవ పొరకు చెందినవి. అవి తమిళ వాడుక మీదుగా, కర్ణాటక మిషన్ ద్వారా తెలుగులో స్థిరపడ్డాయి.

– 'సత్ప్రసాదం', 'పాపసంకీర్తనం' వంటి పదాలు గ్రీకు, లాటిన్ మూలాలలోని అర్థద్వంద్వాలను సైతం నిలుపుకోగలిగాయి. 'భద్రమైన', 'అభ్యంగనం' అన్నవాటిలో తెలుగు వాడుక అర్థానిదే పైచేయి.

– 'దేవద్రవ్యానుమానం' సంస్కారాన్ని గుర్తుగా, తెలుసుకోవలసినదిగా చెప్పింది. 'సంస్కారం' దానిని మనిషిని మార్చే కర్మగా చెప్పింది. కథోలిక బోధకు రెండూ అవసరమే. జ్ఞానోపదేశ పాఠాలలో పాత పదాన్ని వివరణతో సహా పరిచయం చేయడం వల్ల గుర్తు అన్న భావనను తిరిగి నిలబెట్టవచ్చు.

– పదం అందరిదీ అయినంత మాత్రాన కర్మ అందరికీ అందదని 1704 నాటి ఉత్తరువు నిరూపించింది. పరిభాషా చరిత్రను కులచరిత్ర నుండి విడదీసి రాయడం సాధ్యం కాదు.

తెలుగు పారిభాషిక పదచరిత్రలో శాసనాలకూ, కావ్యాలకూ ఇచ్చిన చోటు ప్రార్థన పుస్తకాలకు కూడా దక్కాలి. పల్లెల్లోని పెద్దవాళ్ళ నోట మాత్రమే మిగిలిన పాత జ్ఞానోపదేశ పాఠాలను సేకరించి, మండలాలవారీగా పాఠభేదాలను పోల్చి చూడడం తక్షణం జరగవలసిన పని. ఆ తరంతో పాటు ఆ మాటలు పోతే, తెలుగు తర్కపరిభాష పల్లె ప్రార్థనలోకి నడిచి వచ్చిన దారి కూడా చెరిగిపోతుంది.